అన్న ఎదుట అడిగిన ప్రశ్న

వెంట్రుకలు నాటడం నాకు ఆరు నెలల్లో వచ్చింది. ఒక ప్రశ్న సరిగ్గా అడగడం రావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. అదీ ఒక మనిషి తల పాడయ్యాక. ఈ నోటుబుక్కు ముఖ్యంగా ఆ ప్రశ్న గురించి.

వచ్చే నెల నుంచి నా బల్ల దగ్గర కూర్చోబోయే ఇద్దరు అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. రాయమన్నది మా డాక్టరు సారు. "నువ్వు నోరు తెరిచి చెప్పవు, కనీసం రాసివ్వు," అన్నారు. నిజమే. ఈ ఎనిమిదేళ్లలో నేను ఎక్కువ మాట్లాడింది నా డైరీతోనే. వనపర్తిలో మందుల షాపు పైన ఉన్న ఈ చర్మ వైద్యశాలలో కాయిన్ బాక్సు ఫోన్ల రోజుల్లో చేరాను. ఇప్పుడు ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాళ్ల జేబుల్లో కూడా సెల్‌ఫోన్లు మోగుతున్నాయి. మెడ ఎముకలు అరిగాయి, ఇక వంగి చేసే పని పెట్టుకోవద్దన్నారు, అందుకే మానేస్తున్నాను. ఇరవై తొమ్మిదేళ్లకే రిటైర్ అవుతున్నానంటే మా నాన్న నవ్వాడు. గద్వాలలో మగ్గం గుంటలో ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్న మనిషి.

"నా మెడ ఇంక నా మీదనే ఉన్నది గదనే. నీది ఎవరికిచ్చొచ్చినవ్?" అన్నాడు.

సెలవుల సంగతి, రిజిస్టర్లు నింపే పద్ధతి ఇందులో ఉండవు. అవి వారంలో వాటంతటవే తెలుస్తాయి.

నిమ్మకాయలు, కొబ్బరి పీచు

ఉద్యోగానికి వచ్చిన రోజు సారు నన్ను అడిగినవి రెండే మాటలు.

"సూదిలో దారం ఎక్కిస్తావా అమ్మా?"

"మగ్గం మీద పోగులు అతుకుత సార్."

మా ఇంట్లో ఒక చీర అయిపోయాక, పాత పడుగు పోగు కొసకు కొత్త పోగును మెలేసి అతుకుతారు. అలా వేల పోగులు. పదేళ్ల వయసు నుంచి అది నా పని. సారు నా వేళ్లు ఒకసారి చూసి, సోమవారం నుంచి రమ్మన్నారు. పుస్తకాలు చదివి కళ్లు పాడుచేసుకుంటానని రోజూ తిట్టే మా అమ్మ, ఆ కళ్లే ఉద్యోగం తెచ్చాయని ఒప్పుకోలేదు. వేళ్లు తెచ్చాయంది.

పని సంగతి మీకు పూర్తిగా తెలియకపోవచ్చు. తల వెనక, చెవి నుంచి చెవి దాకా ఉండే జుట్టు మామూలుగా రాలదు. అక్కడి నుంచి సారు సన్నటి చర్మపు పట్టీ ఒకటి కోసి తీసి, ఆ చోటును కుట్టేస్తారు. ఆ పట్టీని మనం భూతద్దం కళ్లజోడు పెట్టుకుని ఒకటి, రెండు, మూడు వెంట్రుకలున్న తునకలుగా విడదీస్తాం. వాటినే గ్రాఫ్టులంటాం. వాటిని చల్లటి సెలైన్ నీళ్లలో ఉంచి, సారు తల ముందు భాగంలో పొడిచిన చిన్న చిన్న చీరికల్లో ఒక్కొక్కటే నాటుతాం. పొద్దున మొదలుపెడితే సాయంత్రం అవుతుంది.

నాకు ఇదంతా నేర్పింది సువార్తమ్మ సిస్టర్. అంతకు ముందు ఇరవై ఏళ్లు ప్రసూతి వార్డులో చేసి వచ్చిన మనిషి. మొదటి రెండు నెలలు నన్ను మనిషి తల దగ్గరికి రానివ్వలేదు. నిమ్మకాయ తొక్క మీద చీరికలు పెట్టి, కొబ్బరి పీచు ముక్కలు దూర్చమనేది. ఒక్కటి వంకరగా ఉన్నా కాయను పక్కన పెట్టేది. సాయంత్రం ఆ కాయలన్నీ పిండి అందరికీ షర్బత్ చేసేది. "ఇయ్యాల షర్బత్ ఎక్కువైంది అనసూయా, నీ పని సక్కగ లేదన్నట్టు," అనేది.

ఆమె మాటలు రెండు మీకు అప్పగిస్తున్నాను. మొదటిది: "పిల్లా, మొదలు కాలు నేలకు ఆన్చు. కాలు ఊగితే చెయ్యి ఊగుతది." రెండోది: "గ్రాఫ్టును ఆరనియ్యకు. అప్పుడే పుట్టిన బిడ్డ లెక్క సూడు."

ఇంకొకటి నా మాట. నాటిన వెంట్రుకలు నెల తిరిగేలోపు దాదాపు అన్నీ రాలిపోతాయి. వేరు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తాయి, ఏడాదికి నిండుతాయి. ఈ సంగతి ముందే చెప్పండి. చెప్పకపోతే నాగర్‌కర్నూలు నుంచి పొద్దున మొదటి బస్సుకే వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తారు. మీసాలున్న పెద్దమనుషులు కూడా.

పొగ తాగేవాళ్లే లేని ఊళ్లు

ఆపరేషన్‌కు ముందు ఒక ఫారం నింపుతాం. అందులో అలవాట్లు అని ఒక గడి ఉంటుంది. బీడీ, సిగరెట్, చుట్ట, తంబాకు అన్నీ ఆ గడిలోకే వస్తాయి.

ఎందుకు అడుగుతామంటే, తీసి నాటిన గ్రాఫ్టుకు మొదటి కొన్ని రోజులు సొంతంగా నెత్తురు అందదు. చుట్టూ ఉన్న చర్మం నుంచి ఊరేదానితో బతుకుతుంది. తర్వాత సన్నటి నెత్తురు దారులు వచ్చి కలుస్తాయి. పొగాకు ఆ సన్నటి దారులనే బిగిస్తుంది, నెత్తురులో ప్రాణవాయువును తగ్గిస్తుంది. ముందు నాటినవీ, వెనక కుట్టిన గాయమూ రెండూ ఆకలితో ఉంటాయి. మా సారు ఆపరేషన్‌కు రెండు వారాల ముందు, తర్వాత నెల రోజులు పొగాకు ముట్టవద్దంటారు. వేరే డాక్టర్లు వేరే లెక్క చెప్పవచ్చు. ఎంత ఎక్కువ కాలం మానితే అంత మంచిదని మాత్రం అందరూ అంటారు.

ఆ గడి నింపడం నా పని. తల ఎత్తకుండా, కలం కదుపుతూ, "పొగాకు అలవాటేమన్న ఉన్నదా అండీ?" అని గబగబా అడిగేదాన్ని. కొత్త మగవాళ్ల ముఖం చూసి మాట్లాడాలంటే నాకు చెమటలు పట్టేవి. లేదు అనేవారు. లేదు అని రాసేదాన్ని. ఇద్దరికీ హాయి.

ఒకరోజు సువార్తమ్మ సిస్టర్ ఫారాల కట్ట తిరగేసి, "గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, మూడు తాలూకాలల్ల పొగ తాగెటోడు ఒక్కడు లేడే! మరి బస్టాండ్ల లేసే పొగ ఎవరిదే, రైలుదా? మన ఊరికి రైలే లేకపాయె," అంది.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే ఆగి ఆలోచించాల్సింది.

మా దగ్గరికి ఎవరూ ఒంటరిగా రారు. తండ్రో, అన్నో, మేనమామో వెంట వస్తారు. నా బల్ల ఎదుట రెండు కుర్చీలుండేవి. ఒకటి పేషెంటుకు, ఒకటి తోడు వచ్చిన పెద్దమనిషికి. మనవైపు తండ్రి ముందు, అన్న ముందు బీడీ ముట్టించరు. నలభై ఏళ్ల మనిషి కూడా పెద్దాయన సందు తిరిగి వస్తున్నాడంటే నిప్పును అరచేతిలో దాచి చెయ్యి కాల్చుకుంటాడు. అది భయం కాదు, మర్యాద. ఇదంతా నేను మా వాడకట్టులో చూస్తూ పెరిగాను. అయినా ఫారం చేతికి రాగానే మరిచిపోయాను. రెండు కుర్చీల ముందు అడిగిన ప్రశ్నకు ఒక్క కుర్చీ నుంచి నిజం వస్తుందనుకున్నాను.

రాజోలి అన్నదమ్ములు

వాళ్ల పేర్లు మార్చి రాస్తున్నాను. తమ్ముడు రాఘవ, అన్న భీమన్న. రాజోలి దగ్గర కాలువ చివర వరి పండించే కుటుంబం. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ని భీమన్నే పెంచాడు. రాఘవకు ఇరవై ఎనిమిది. నుదురు నడినెత్తి దాకా పాకింది. ఎండలోనూ నీడలోనూ రుమాలు చుట్టుకునే ఉండేవాడు.

ఆ రోజు నేను ఎప్పటిలాగే అడిగాను. రాఘవ నోరు తెరిచేలోపే భీమన్న అందుకున్నాడు.

"మా ఇంట్ల గా అలవాటు ఎవ్వరికీ లేదు బిడ్డా. మా తమ్ముడు చాయ్ గూడ తాగడు."

రాఘవ నేలవైపు చూశాడు. తర్వాత సంతకం కోసం కాగితం ముందుకు జరిపాను. కలం పట్టుకున్న అతని చూపుడు వేలు, మధ్య వేలు కొసలు పసుపుపచ్చగా ఉన్నాయి. పసుపు కొమ్ము రంగు కాదు, ఏళ్ల తరబడి పొగపట్టిన రంగు. చూశాను. భీమన్న ముఖం చూశాను. మళ్లీ అడగడానికి నోరు రాలేదు. "లేదు" అని రాశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మధ్యాహ్నం తినడానికి అరగంట ఆపినప్పుడు రాఘవ స్నానాల గదికని వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. చేతులు సబ్బు వాసన, నోరు సోంపు వాసన. సోంపు కింద ఇంకో వాసన. నేను మళ్లీ భూతద్దం పెట్టుకున్నాను. ఆ రాత్రి డైరీలో "రాజోలి ఆయన తాగుతాడేమో" అని ఒక వాక్యం ఉంది. డైరీకి చెప్పాను, సారుకు చెప్పలేదు.

ఎనిమిదో రోజు ఇద్దరూ తిరిగి వచ్చారు. కట్టు విప్పగానే సారు ముఖం మారిపోయింది. వెనక కుట్టు మధ్యలో చర్మం అంచులు కలవలేదు, నల్లబడ్డాయి. ముందు, ఎడమ పక్కన కొంత మేర కాలిన రొట్టె మీది మాడులా గట్టి పెచ్చు కట్టింది.

సారు మా ఇద్దరినీ లోపలి గదికి పిలిచారు.

"సువార్తమ్మా, సామాన్లు సరిగ్గా ఉడికించారా?"

"ఉడికించిన సార్."

"మరి నా కుట్టే బిగుసుకుందా? ఏదో ఒకటి కావాలి కదా."

ప్రతి మాటకూ ఏదో ఒకటి ఎదురు చెప్పి నవ్వించే సిస్టర్, తన చేతులు తాను చూసుకుంటూ నిలబడింది. ఇరవై ఏళ్లు పురుళ్లు పోసిన చేతులు. నేను ఇంకో నిమిషం ఊరుకుంటే ఆ తప్పు ఆ చేతుల మీదే ఉండిపోతుంది.

"సార్, ఆయన తాగుతడు," అన్నాను.

"ఫారంలో లేదని ఉందే?"

"నేనే రాసిన సార్. వేళ్లు పచ్చగుండె. చూసినంకనే రాసిన."

తిడతారనుకున్నాను. సారు కుడి చేతిని మెల్లగా కోటు జేబులో పెట్టుకున్నారు. ఆయన కూడా తాగుతారు. ఆ వేళ్లూ అదే రంగు.

"సంతకం చేసినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను కదమ్మా," అన్నారు. "నాకు ఆ రంగు కనబడలేదు. రోజూ చూసేది కనబడదు."

సువార్తమ్మ సిస్టర్ నా భుజం పట్టి తలుపువైపు తిప్పింది. "అయిందేదో అయింది. ఇప్పుడు పొయ్యి అడుగు. వాడు ఇంక తాగుతనే ఉంటే మంచిగున్నయి గూడ మాడుతయి."

"అన్న పక్కనే కూసున్నడు సిస్టర్."

"అన్న సంగతి నేను సూస్కుంట."

ఆమె బయటికి వెళ్లి, "ఓ భీమన్నా, జర కింది దుకాణం దాంక రా. గాజుగుడ్డ తేవాలె. నా మోకాళ్లు మెట్లు దిగనిస్తలేవు, చెయ్యి పట్టుకో," అంది. పొద్దున రెండు మెట్లొకసారి ఎక్కిన మోకాళ్లవి. భీమన్న ఆమెను పెళ్లికూతురిని దించినట్టు జాగ్రత్తగా దించుకుపోయాడు.

నేను రెండో కుర్చీని తిప్పుకుని, రాఘవ ఎదురుగా కూర్చున్నాను. ఈసారి ఫారం తీసుకోలేదు. తాగుతావా అని అడగలేదు. అడిగితే మళ్లీ లేదనే అంటాడు.

"రోజుకు ఎన్నయితయి?" అన్నాను.

రాఘవ మెట్లవైపు చూశాడు. "పది బీడీలు. ఒక్కోపారి పన్నెండు." ఆ వెంటనే, "అన్నకు చెప్పకుర్రి సిస్టర్," అన్నాడు.

"చెప్పను. ఆపరేషన్ దినం?"

"రెండు. మీ స్నానాల గదిల. ఇంటికి పోయినంక మోటరు కొట్టంల."

"ఆ దినం నేను అడిగితిని గద?"

"అన్న ముందల ఎట్ల చెప్త? నాయన లెక్క సాకిండు. ఆయన ముందల నేను మంచం మీద గూడ కూసోను. మీరు గట్ల అడిగితే నేనేం చెయ్యాలె, చెప్పుర్రి." అందులో కోపం లేదు, నిజంగా అడుగుతున్నాడు. చెయ్యి తలవైపు ఎత్తి, తాకకుండా ఆపి, "అన్ని పోయినయా?" అన్నాడు.

"ఎడమ పక్క కొన్ని పోయినట్టే. మిగిలినయి ఇంక చెప్పలేం. ఈ దినం నుంచి ఆపితే ఆశ ఉన్నది. ఆపకపోతే మా చేతుల్ల ఏం లేదు."

జేబులోంచి బీడీ కట్ట తీసి నా బల్ల మీద పెట్టాడు. "అన్న వచ్చే లోపల పారెయ్యిర్రి," అన్నాడు. దాన్ని సొరుగులో వేశాను. మెట్ల మీద సువార్తమ్మ సిస్టర్ కావాలని గట్టిగా మూలుగుతూ ఎక్కుతున్న చప్పుడు వినబడింది.

మూడు వారాలు

రాఘవ వనపర్తిలోనే ఉన్న తన చిన్నమ్మ ఇంట్లో దిగి, మూడు వారాలు రోజూ కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. సువార్తమ్మ సిస్టర్ నన్ను ఒక్క మాట అనలేదు. అయితే ఆ పేషెంటు కట్టు నేనే మార్చాలని, ఇకమీదట ఫారం కూడా నేనే అడగాలని తేల్చింది. "సిగ్గు పడితే పడు. సిగ్గుతోటే అడుగు," అంది. పని నా చేతిలోంచి తీసేస్తుందనుకున్నాను. ఇంకా ఎక్కువ పెట్టింది. ఆమెకు నేను బాకీ పడ్డది అదే.

అలా వచ్చిన ఐదో రోజు రాఘవ బుగ్గ ఉబ్బి ఉంది.

"నోట్ల ఏంది?"

"తంబాకు. పొగ లేదు గద సిస్టర్!"

మీకూ ఈ మాట చాలామంది చెబుతారు. పొగ ఒక్కటే చెడ్డదనుకుంటారు. నమిలినా, పెదవి కింద పెట్టుకున్నా దారులను బిగించే సరుకు అదే. "నోట్ల పెట్టినా నెత్తికే పోతది," అన్నాను. ఉమ్మేసి వచ్చాడు. మర్నాటి నుంచి చొక్కా రెండు జేబుల నిండా వేయించిన పల్లీలు. బీడీ మనసులోకి వచ్చినప్పుడల్లా ఒకటి ఒలుచుకునేవాడు. నా బల్ల చుట్టూ పొట్టు.

వారానికొకసారి చూడ్డానికి వచ్చే భీమన్నకు ఇది అంతుపట్టలేదు. "ఏంది బిడ్డా, మా తమ్ముడు పొద్దంత పల్లీలే నములుతుండు! మీ మందులకు గిట్ల ఆకలైతదా?" అన్నాడు.

"మంచిదే అన్నా, తిననియ్యి," అన్నాను. రాఘవ దగ్గాడు. సువార్తమ్మ సిస్టర్ గోడవైపు తిరిగి సామాన్లు సర్దుకుంది, భుజాలు కదులుతున్నాయి.

పదో రోజుకు నల్లటి అంచు ఆగింది. పద్దెనిమిదో రోజుకు కింద ఎర్రటి కొత్త చర్మం కనబడింది. ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇదే: "ఎర్రగా ఉంది. ఎర్రగా ఉంది."

అందరికీ ఇలాగే అవుతుందా?

కాదు. ఈ మాట నిజాయితీగా చెప్పాలి. నాగర్‌కర్నూలు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ సిగరెట్లు మానలేదు, మానానని అబద్ధమూ చెప్పలేదు. ఆపరేషన్ వాయిదా వేద్దామని సారు రెండుసార్లు చెప్పినా వినలేదు. నాటినవన్నీ నువ్వులు మొలిచినట్టు మొలిచాయి. ఏడాదికి వచ్చి దువ్వెన తీసి నా ముందే దువ్వుకుని, "ఏమ్మా, నీ మాట ఇని మానేస్తే నెల దినాల సుఖం దండుగయితుండె," అన్నాడు.

ఆయన వెళ్లాక సారు, "కళ్లు మూసుకుని రోడ్డు దాటినవాడు కూడా ఒక్కోసారి అవతలికి చేరతాడమ్మా," అన్నారు.

కాబట్టి పేషెంటుకు, తాగితే మొత్తం పోతాయని చెప్పకండి. అది నిజం కాదు, ఒక్క కానిస్టేబుల్ కనబడితే మీ మాట ఎవరూ నమ్మరు. తాగితే గాయం మానడం ఆలస్యం కావచ్చు, కుట్టు వెడల్పు కావచ్చు, కొన్ని గ్రాఫ్టులు చావవచ్చు, ఎవరికి అవుతుందో ముందు మాకు తెలియదు, మళ్లీ తీసి నాటడానికి వెనక జుట్టు మాత్రం కొంతే ఉంటుంది అని చెప్పండి. ఇంతే.

సారు గురించి కూడా రాయాలి. ఆయన మంచి డాక్టరు, మంచి మనిషి. తన తప్పు తన మీద వేసుకునే యజమాని దొరకడం నా అదృష్టం. కానీ ఆయన సిగరెట్ మానలేదు. రాఘవ సంగతి తర్వాత ఆపరేషన్ రోజుల్లో తాగడం ఆపారు, అంతే. పేషెంటుకు చెప్పేటప్పుడు ఆయన మాటకన్నా ఆయన చొక్కా వాసన ముందు చేరుతుంది. ఇది ఆయన చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఇంకొకటి. నా బల్ల ఎదుట ఇప్పుడు ఒకే కుర్చీ ఉంటుంది. తోడు వచ్చినవాళ్లకు బయట బెంచీ వేయించాం. ఎవరైనా మర్యాదకని రెండో కుర్చీ తెచ్చి వేస్తే తీసేయండి. అడగాల్సింది అలవాటు ఉందా అని కాదు, రోజుకు ఎన్ని అని. లేనివాళ్లు నవ్వి లేదంటారు. ఉన్నవాళ్లు లెక్క చెబుతారు.

పది నెలలకు

పది నెలలకు అన్నదమ్ములిద్దరూ చివరిసారి వచ్చారు. రాఘవ తలకు రుమాలు లేదు. అది చూసి సువార్తమ్మ సిస్టర్ గుమ్మంలోనే చప్పట్లు కొట్టింది. ముందు భాగం చాలావరకు నిండింది. ఎడమ పక్కన చింతగింజంత చోటు మాత్రం బోడిగా ఉంది. వెనక కుట్టు వెడల్పుగా మిగిలింది. జుట్టు కురచగా కత్తిరిస్తే కనబడుతుంది.

భీమన్న బయట బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఆ బోడి చోటు కొలిచి రాసుకుంటూ, పది నెలలుగా గొంతులో ఉన్న మాట చెప్పాను.

"ఇది నా తప్పు గూడ. మీ వేళ్లు ఆ దినమే చూసిన. మళ్లొకపారి అడగలేదు."

రాఘవ అద్దంలో చూసుకుంటూ, "మాది కాలువ చివరి పొలం సిస్టర్," అన్నాడు. "పైనోళ్లు తూము మూస్తే మాకు నీళ్లు రావు. ఏటా వాళ్లను తిడుతుంటి. ఈ నెత్తికి తూము మూసిందెవరు? నేనే. మీరేం చేస్తరు? ఆ ఎనిమిదో దినం మీరు అడగకుంటే మిగిలిన మడి గూడ ఎండిపోతుండె." లేచి నిలబడి, చిన్నపిల్లవాడిలా రెండు చేతులూ జోడించాడు. బస్సు ఎప్పుడుందో కనుక్కుని వస్తానని కిందికి దిగిపోయాడు.

అతను దిగేదాకా చూసి భీమన్న లోపలికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక మాట అడుగుత బిడ్డా. తమ్మునికి చెప్పకు."

"చెప్పను అన్నా."

"ఆ చింతగింజంత జాగా రాలేదు గద. ఇంట్ల ఇంకొకరు తాగితే ఆ పొగ వానికి తగులుతదా?"

నాకు ఒక్కసారిగా అర్థమైంది. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదని, తమ్ముడు నోరు తెరిచేలోపే ఎందుకంత తొందరగా అన్నాడో.

"రోజుకు ఎన్ని అన్నా?" అన్నాను.

"ఆరు. మోటరు కొట్టంల. ఆపరేషన్ అయినంక వాడు గూడ ఆడనే పండుకుంటుండె. నాయన లేని పోరడు, నేను తాగంగ సూస్తే వానికి అలవాటైతదని ఇరవై ఏండ్ల నుంచి దాస్కొనే తాగుతున్న. వాని నెత్తి నేనే ఖరాబు చేసిననా?"

అన్నీ తెలిసినట్టు చెప్పలేదు. "మీ పొగతోటే అయిందని ఎవ్వరం చెప్పలేం అన్నా. వేరే కారణాలు పెద్దవి ఉన్నయి. కానీ మానేస్తే ఇద్దరికీ మంచిది," అన్నాను. ఆ పెద్ద కారణం ఏమిటో అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు. బహుశా అతనికీ తెలుసు. తెలిసినా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనరు.

"మానేసిన," అన్నాడు. "నాలుగు నెలలాయె."

"ఎట్ల మానిన్రు?"

భీమన్న తలుపువైపు ఒకసారి చూసి, చొక్కా జేబులో చెయ్యి పెట్టి, పిడికిలి నా ముందు తెరిచాడు. వేయించిన పల్లీలు.

"వాడు స్నానానికి పోయినప్పుడు వాని జేబుల్నించి తీస్కుంట," అన్నాడు. "వానికి తెల్వదు."

నా చేతిలో నాలుగు పోసి, తమ్ముడు పిలుస్తున్నాడని మెట్లు దిగిపోయాడు.